పడమటిగాలి దినములు: వేసవి సూచనయు, నిప్పు భయమును



వేసవి వచ్చినది మొదలు రేడియోలో వాతావరణ సూచన చెప్పు వేళకు అరుగులమీది మాటలు కొంచెము సద్దుమణుగును. "రాగల నాలుగు దినములు వాతావరణము పొడిగా నుండును. పగటి ఉష్ణోగ్రతలు సాధారణముకంటె రెండు మూడు డిగ్రీలు అధికముగా నుండగలవు. పడమర, వాయవ్య దిక్కులనుండి గాలులు వీచును" అని వినవచ్చును. విన్నవారు "రేపు 43 అట!" అని ఒకరితో నొకరు చెప్పుకొని, తువాలు భుజమున వేసికొని లేతురు. సూచనలో వారి మనస్సున నిలిచినది డిగ్రీల లెక్క యొక్కటియే. పొడి యనుమాటయు, పడమటిగాలి యనుమాటయు వినియు విననట్లే పోవును. అయితే నిప్పు విషయమున మనము చెవియొగ్గి వినవలసినవి ఆ రెండు మాటలే యని ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

ఎండల క్రమము మీకు నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. అశ్వినిలో మొదలైన వేడి భరణిలో ముదిరి, కృత్తికలో మండి, రోహిణిలో రోళ్ళు పగులగొట్టి, జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించుటతో దిగివచ్చునని మన పెద్దలు కార్తెల లెక్క కట్టియుంచిరి. కృత్తికకు అధిదేవత అగ్ని. ఈ లెక్క ఎండకు చక్కగా సరిపోవును. నిప్పునకు మాత్రము సరిపోదు. మన అడవులలో నిప్పు ఫిబ్రవరి నెలలోనే మొదలగును. శివరాత్రి వెళ్ళునప్పటికి టేకు, తునికి మొదలైన చెట్లు ఆకు రాల్చి, నేలమీద చీలమండ మునుగునంత ఎండుటాకు పరచియుంచును. ఊళ్ళలో మార్చి, ఏప్రిలు నెలలకు మాసూళ్ళు ముగిసి, గడ్డివాములు, కందికట్టెలు, ప్రత్తికట్టెలు దొడ్లలో చేరును. అప్పటికి ఎండ యింకను 38 డిగ్రీలే యుండవచ్చును. కాలవలసిన సరుకు మాత్రము సిద్ధముగా నుండును. కనుక రోహిణి ఇంకను రాలేదుగదా యని నిప్పు విషయమున నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

పొడి యనగా నేమో ముందుగా విచారింతము. గాలిలో నీటియావిరి ఎల్లప్పుడును కొంత యుండును. గాలి వేడెక్కినకొలది ఆవిరిని పట్టుకొను శక్తి దానికి పెరుగును. 25 డిగ్రీల వేడిగల ఒక ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటియావిరిని పట్టగలదు. అంతే గాలి 42 డిగ్రీలకు వచ్చినప్పుడు సుమారు 56 గ్రాములు పట్టగలదు. తెల్లవారుజామున మీ యూరి గాలిలో 16 గ్రాముల ఆవిరి యున్నదనుకొందము. 23 పట్టగల గాలిలో 16 ఉన్నచో వందకు 70 పాళ్ళు నిండినట్లు. మధ్యాహ్నము ఎండ 42కు ఎక్కినప్పుడు ఆవిరి అంతియే యున్నను, పాత్ర పెద్దదైనందున అది వందకు 30 పాళ్ళకు లోపే యగును. రేడియోలో "గాలిలో తేమ 30 శాతము" అని చెప్పునది ఈ లెక్కయే. గాలిలోని నీరు తగ్గలేదు, గాలి దాహము పెరిగినది. ఆ దాహమును అది చెరువునుండియు, దండెముమీది బట్టనుండియు, మన యొంటి చెమటనుండియు తీర్చుకొనును. ఇంటికప్పు మీది తాటాకునుండియు, దొడ్డిలోని గడ్డివామునుండియు గూడ తీర్చుకొనును.

ఇందుచేతనే ఒకే విధమైన ఎండ రెండుచోట్ల రెండు విధములుగా పనిచేయును. మే నెల మధ్యాహ్నమున మచిలీపట్టణములో చొక్కా వంటికి అంటుకొనిపోవును. అక్కడ గాలిలో తేమ సాధారణముగా 60 శాతమునకు పైన నుండుటయే దీనికి కారణము. అదే వేళకు రామగుండములో తేమ 30 శాతమునకును, ఒక్కొక్క దినమున అంతకంటె తక్కువకును దిగును. అక్కడ చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును, పెదవులు పగులును, ఎండుటాకు నలిపిన పొడియగును. మచిలీపట్టణపు ఎండలో మనుష్యునికి ఉక్క హెచ్చు. రామగుండపు ఎండలో గడ్డికి ప్రమాదము హెచ్చు.

అయినచో కోస్తావారికి భయము లేదా? ఉన్నది. దానిని కొంచెము శ్రద్ధగా గమనింపవలెను. సాధారణ దినములలో పగలు నేల వేడెక్కి, దానిమీది గాలి పైకి లేచి, ఆ చోటికి సముద్రముమీది చల్లని, తేమగల గాలి మధ్యాహ్నమునకు అటునిటుగా వచ్చి చేరును. తీరపు గ్రామములకు అదియే రక్ష. కొన్ని దినములలో పడమటిగాలి బలముగా వీచి, ఆ సముద్రపుగాలిని ఒడ్డుననే నిలిపివేయును. ఆ పడమటిగాలి రాజస్థానము, విదర్భ, తెలంగాణముల ఎండిన నేలలమీదుగా వచ్చినది. తూర్పుకనుమలు దాటి మైదానమునకు దిగునప్పుడు అది మరింత వేడెక్కును. సైకిలుపంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము కాలుట మీరెరుగుదురు. గాలిని అదిమినచో వేడెక్కును. కొండమీదినుండి దిగు గాలి పై గాలి బరువుచే అదిమివేయబడి, ప్రతి 100 మీటర్ల దిగుదలకు సుమారు ఒక డిగ్రీ వేడెక్కుచుండును, అంతకంతకు పొడియగుచుండును. మొన్న 37 డిగ్రీలున్న తీరపుటూరు నేడు 44కు ఎగబ్రాకుట కిదియే కారణము. ఆనాడు గుంటూరు, కృష్ణా, గోదావరి సీమలలోని గ్రామము తన ఉనికి మరచి రామగుండము వలె ఎండును. తాటాకు కప్పులు, చొప్పవాములు, మిరపకళ్ళములు ఒక్క పూటలో పెళపెళలాడును. సూచనలో "పడమటిగాలులు" అని వినవచ్చినప్పుడు కోస్తా గ్రామపెద్ద ఒక్కసారి లేచి ఊరు చూచి రావలెనని నా మనవి.

ఇక కాలు వస్తువుల సంగతి. తడికట్టె పొయ్యిలో పెట్టినప్పుడు మన యాడువారు పడు బాధ ఎవరికి తెలియదు? కట్టెలోని నీరంతయు ఆవిరియై పోవువరకు మంట అంటదు, పొగయే వచ్చును. గడ్డిలో తేమ యున్నంతసేపు అదే దానికి రక్ష. గడ్డి, ఎండుటాకు, తాటాకు వంటి పలుచని వస్తువులు చుట్టునున్న గాలి పొడితనమునకు ఒక గంటలోనే లోబడును. మణికట్టంత లావు కట్టెకు కొన్ని దినములును, దూలమునకు కొన్ని వారములును పట్టును. దీనిలో మన కుపయోగించు విషయ మొకటి యున్నది. తెల్లవారుజామున మామిడిజల్లు పడినదిగదా, నేడు నిప్పు భయము లేదని పలువురనుకొందురు. పదిగంటలకు ఎండ కాసి, పడమటిగాలి తిరిగినచో, మధ్యాహ్నమునకు ఆ గడ్డి ఎప్పటివలె ఎండియుండును. జల్లు దూలమును కాపాడునేమో గాని గడ్డిపోచను కాపాడదు. నిప్పు మొదట అంటుకొనునది గడ్డిపోచకే. వానకాలములో దానంతట ఆరిపోవు బీడీముక్క ఈ దినములలో ఆరదు.

గాలి మూడుపనులు చేయును. మంటకు ఊపిరి పోయును. మంటను ముందుకు వంచి, ఇంకను అంటుకొనని గడ్డిని కాచి ఆరబెట్టును. మండుచున్న తాటాకుముక్కలను ఎత్తుకొనిపోయి దూరపు కప్పులమీద పడవేయును. ఒక యింటి మంట ఆర్పుచుండగా నాలుగిండ్ల యవతల మరియొక కప్పు అంటుకొనుట ఈ మూడవ పని వలననే. కళ్ళములో తూర్పారబట్టిన మీకు గాలిపోకడ ఒకరు నేర్పనక్కరలేదు. చేట ఎత్తినప్పుడు పొట్టు ఎంతదూరము పోవుచున్నదో, నిప్పురవ్వ యంతకంటె దూరము పోవునని తలచుకొన్నచాలును.

గాలి దిక్కు మారుట మరియు ప్రమాదకరము. పడమటిగాలికి మంట తూర్పుగా సన్నని చారవలె సాగుచున్నదనుకొందము. మనుష్యులు దానికి ఉత్తరపు ప్రక్కను, దక్షిణపు ప్రక్కను నిలిచి ఆర్పుచుందురు. ఇంతలో సాయంకాలమగుచుండగా ఆగియున్న సముద్రపుగాలి ఆగ్నేయమునుండి వచ్చి తాకును. అంతవరకు ప్రక్కగా నున్న పొడవాటి అంచు అంతయు ఒక్కసారిగా మంట ముఖమగును. ఉత్తరపు ప్రక్క నిలిచినవారు మంటకు ఎదురుపడుదురు. సాయంకాలపు గాలివాన గూడ నిట్టిదే. వానకు ముందు వచ్చు దుమ్ముగాలి ఏ దిక్కుననైనను కొట్టవచ్చును, వాన రాకయే పోవచ్చును. మబ్బు పట్టినదిగదా యని మంటను విడిచి ఇంటికి పోరాదు. కొండయేటవాలున మంట ఎగువకు పరుగెత్తును. ఏటవాలు 10 డిగ్రీలు పెరిగినకొలది వేగము సుమారు రెట్టింపగునని లెక్క. కొండప్రక్క నిప్పు కనబడినప్పుడు దానికి ఎగువన నెవ్వరును నిలువరాదు.

ఈ సూచనలను ఎట్లు చదువవలెనో యిక చెప్పెదను. ఉగాదినాడు మనము పంచాంగశ్రవణము చేసి, ఆ సంవత్సరపు రాజెవరో, మంత్రి యెవరో, మేఘాధిపతి యెవరో విందుము. వాతావరణ శాఖవారును 2016 నుండి వేసవికి ముందు ఋతు సూచన యొకటి ప్రకటించుచున్నారు. అందు "ఈ వేసవి సాధారణముకంటె వేడిగా నుండు అవకాశ మెక్కువ" అని యుండును. సాధారణమనగా నిరుడు కాదు. ముప్పది సంవత్సరముల సగటు. అవకాశమనగా నిశ్చయము కాదు. ఆ మాటనుబట్టి ఫలానా తేదీన ఫలానా యూరిలో ఏమి జరుగునో ఎవ్వరును చెప్పజాలరు. ఋతు సూచన చూచి చేయవలసినవి నిదానపు పనులు: వాముల నెక్కడ వేయవలెను, కప్పులు మార్చువారికి ఏ సాయము చేయవలెను, వ్రేలాడు విద్యుత్తుతీగలను ఎప్పుడు బిగింపించుకొనవలెను అనునవి. ప్రతి గురువారము రాగల కొన్ని వారముల సూచన వచ్చును. అది కోతలు, కుప్పలు, పెండ్లిపందిళ్ళు చూచుకొనుటకు పనికివచ్చును. ప్రతిదినము వచ్చునది రాగల కొన్ని దినముల సూచన. ఆ సూచనను బట్టి రేపటి పొయ్యి సంగతి నిర్ణయించుకొనవలెను.

దిన సూచనలో రంగులు నాలుగు. ఆకుపచ్చ యనగా హెచ్చరిక లేదు. పసుపు యనగా గమనించుచుండుడని. నారింజ యనగా సిద్ధముగా నుండుడని. ఎరుపు యనగా వెంటనే జాగ్రత్త పడుడని. మైదానములలో పగటి ఉష్ణోగ్రత కనీసము 40 డిగ్రీలుండి, సాధారణముకంటె 4.5 డిగ్రీలు పైబడినచో వడగాలి యందురు. సముద్రతీరమున 37 డిగ్రీలే చాలును. సాధారణముతో పనిలేకుండ 45 డిగ్రీలు దాటినను వడగాలియే. ఈ రంగులు మనుష్యుని దేహమును దృష్టియందుంచుకొని ఏర్పరచినవి. మార్చి నెలలో 38 డిగ్రీల ఎండ, 20 శాతపు తేమ, బలమైన పడమటిగాలి కూడిననాడు వడగాలి హెచ్చరిక ఉండకపోవచ్చును. నిప్పు భయము నిండుగా నుండును. కనుక రంగు చూచి ఊరుకొనక తేమ యెంత, గాలి యే దిక్కు అని రెండు ప్రశ్నలు వేసికొనవలెను.

అడవి సంగతి కొంచెము చెప్పెదను. 2014 మార్చిలో తిరుమలకొండల నానుకొనియున్న శేషాచలపు అడవి మండినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను గూడ రప్పింపవలసి వచ్చెను. 2018 మార్చి 11వ తేదీన తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో, ఎండుగడ్డి నిండిన ఏటవాలున నడచుచున్న యాత్రికులను మంట చుట్టుముట్టగా ఇరువదిమందికి పైగా మరణించిరి. ఈ రెండును మార్చి నెలలోనివేయని గమనింపుడు. రోహిణికి అప్పటి కింకను రెండు నెలలకు పైగా వ్యవధి యున్నది.

మన దేశములో అడవినిప్పు మెరుపు వలన పుట్టుట అరుదు. మిక్కిలి తరచుగా మనుష్యుని చేతి వలననే పుట్టును. ఇప్పపువ్వు ఏరుకొనుటకు చెట్టుక్రింద ఆకు కాల్చువారున్నారు. తునికాకు లేతగా చిగురించునని నిప్పు పెట్టువారున్నారు. పశువులకు పచ్చిక మొలచునని బోదగడ్డి తగులబెట్టువారున్నారు. బీడీ పారవేయు బాటసారి సరేసరి. వీరిలో నెవ్వరికిని అడవి కాల్చవలెనను తలంపు లేదు. తన చెట్టు క్రింది జానెడు నేల శుభ్రపడవలెననియే తలంపు. ఆనాటి గాలి యెట్టిదో చూడకపోవుట వలన జానెడు నేల కొండయంత యగును. ఇప్పపువ్వు ఏరువాడు ఆకును కాల్చక, చీపురుతో ఊడ్చి, చెట్టుక్రింద ఒక గుడ్డ పరచుకొన్నచో పువ్వు మసిలేక శుభ్రముగా దొరకును. రక్షితారణ్యములో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీచట్టము ననుసరించి నేరము గూడ. 2004 నుండి డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణవారు ఉపగ్రహముల మూలమున మంటలు కనుగొని ఆయా రాష్ట్రములకు తెలుపుచున్నారు. ఉపగ్రహము మంటను చూచునే గాని ఆర్పలేదు. అడవియంచు గ్రామమువారు మొదటి పొగ కనబడగానే అటవీ ఉద్యోగులకు కబురంపుట దానికంటె ముందు జరుగు పని.

ఇక ఊరు. 2016 ఏప్రిలులో బీహారులో ఎండలును పడమటిగాలులును కూడి, పల్లెలలో వరుసగా అగ్నిప్రమాదములు సంభవింపగా, ఆ రాష్ట్రప్రభుత్వమువారు ఉదయము 9 గంటలనుండి సాయంకాలము 6 గంటలవరకు గ్రామములలో పొయ్యి వెలిగింపవద్దనియు, హోమములు చేయవద్దనియు, పొలములలో గోధుమకొయ్యలు కాల్చవద్దనియు ప్రజలకు హితవు చెప్పిరి. విన్నవారిలో కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. గాలి లేచు గంటలును, పొయ్యి వెలుగు గంటలును ఒకటి కాకుండ చూచుటకంటె చౌకయైన ఉపాయము వేరొకటి లేదు.

ఇందులో ఒక చిక్కు కలదు. దానిని మీవంటి పెద్దల ముందు దాచరాదు. నిప్పు ఎక్కడనైనను పుట్టవచ్చును. కాలునది మాత్రము ఇండ్లు దగ్గర దగ్గరగా నుండి, కప్పులు తాటాకు, గడ్డి, బోద అయిన పేటలే. మిద్దె యింటివాని చేనిలో పుట్టిన రవ్వ కూలివాని గుడిసెమీద పడును. ఆ గుడిసెలో నాలుగు బస్తాల ధాన్యము, పెట్టెలోని పెండ్లిసొమ్ము, పట్టా కాగితములు, పిల్లల చదువు పుస్తకములు ఉండును. కొట్టములో కట్టివేసిన గేదె యుండును. అరగంటలో అన్నియు పోవును. మధ్యాహ్నము పొయ్యి వెలిగింపవద్దని ఆ యింటివారికి చెప్పుట సులభము. తెల్లవారకమునుపే పనికి పోయి, పగలు తిరిగివచ్చి, అప్పుడు గంజి కాచుకొను స్త్రీకి ఆ మాట అంత సులభము కాదు. కనుక పొయ్యి ఆర్పుడని చెప్పువారే పడమటిగాలి దినములలో కూలిపని గంటలను జరిపి, వంటకు ఉదయమున వ్యవధి యీయవలెను. గోడలు, పెంకుకప్పు గల వంటశాల ఉన్నవారు ఒక పూట దానిని ఇరుగుపొరుగులకు విడువవలెను. ఇవి లేక ఉత్తమాట చెప్పినచో ఆ మాట నిలువదు.

చేలు కాల్చుట రెండవ చిక్కు. కోతయంత్రములు వచ్చిన తరువాత చేలో కొయ్యకాళ్ళును, చెదరిన గడ్డియు మిగులుచున్నవి. వాటిని కాల్చుట తేలికపని యని తోచును. ఆ మంట గట్టు దాటి తాటిచెట్లను, ఈతచెట్లను, మామిడితోటలను, బిందుసేద్యపు గొట్టములను ఎన్నిచోట్ల పొట్టబెట్టుకొనినదో మీరే చూచియుందురు. గడ్డిలోని నత్రజని సారము చాలవరకు పొగయై పోవును. డెల్టాలోని యొక గ్రామమున ఒక యువకుడు మిట్టమధ్యాహ్నము అగ్గిపెట్టెతో చేనికి బయలుదేరగా, అరుగుమీది పెద్దాయన పిలిచి ఆపుట నేను చూచితిని. "చేను నాది, గడ్డి నాది బాబాయిగారూ, నన్నెందుకు ఆపుతారు?" అని అతడనెను. "చేనూ నీదే, గడ్డీ నీదే నాయనా. గాలి ఊరందరిది" అని ఆయన బదులు చెప్పెను. అంతటితో నూరకుండక, మేత కొఱతగా నున్న ముగ్గురు పశువులవారిని పిలిపించి, ఆ గడ్డిని కుప్పచేసి తోలుకొనిపొండని చెప్పెను. రెండు దినములలో చేను ఖాళీ యయ్యెను. అగ్గిపెట్టె తీయనక్కర లేకపోయెను. వద్దని చెప్పుటతోపాటు వేరొక దారి చూపుట వలననే ఆయన మాట చెల్లినదని నేను తలచెదను.

ఊరివారు కూడి చేసికొనదగిన ఏర్పాట్లు కొన్ని చెప్పెదను. పడమటిగాలి, పొడి యని సూచన వచ్చినదినమున సాయంకాలమే డప్పు వేయించియో, గుడి మైకులోనో మరునాటి సంగతి చాటింపవలెను. వంట ఉదయము 9 గంటల లోపలను, గాలి తగ్గిన తరువాతను చేసికొనవలెను. పొయ్యిలోని బూడిదను నీరు చల్లి చల్లార్చిన తరువాతగాని పెంటపోగున వేయరాదు. పైకి చల్లగా కనబడు బూడిదలో కుమ్ము గంటలకొలది బ్రతికియుండును. వాములను ఇండ్లకును, విద్యుత్తుతీగలకును దూరముగా వేయవలెను. అందరి వాములును ఒకేచోట చేర్చక, నడుమ ఎడము విడువవలెను. పేటకొకచోట బిందెలతో నీరు, కుప్పగా నిసుక, కప్పు లాగివేయుటకు పొడవాటి దోటులు సిద్ధముగా నుంచవలెను. నిప్పు అంటుకొన్నప్పుడు విద్యుత్తు ఆపివేయవలసియుండును. అప్పుడు మోటారు నడువదు. కనుక తొట్టిలోని నీరే మీకు ఆధారము. కొట్టము గుంజకు ఒక కొడవలి వ్రేలాడదీసినచో పలుపు విప్పు వ్యవధి లేనప్పుడు కోయవచ్చును. అగ్నిమాపక బండి వచ్చు త్రోవలో బండ్లు, మంచములు, పందిళ్ళు అడ్డముండరాదు. 101 అను సంఖ్యకు మొదటనే ఫోను చేయవలెను. ఆర్పిచూచి, చేతగాక, ఆ తరువాత చేసిన ఫోను ఆలస్యపు ఫోనే. అడవియంచునను, తోటల చుట్టును మాఘమాసము లోపల నాలుగు చాళ్ళు దున్ని నేలను బయలుచేసినచో నేలమీద ప్రాకు మంట అక్కడ నిలువవచ్చును.

మంటతోపాటు ఎండయు మనుష్యుని చంపునని మరువరాదు. 2015 మే నెల చివర ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను వడగాలులకు రెండువేలకు పైగా జనులు మరణించిరి. అందు పలువురు వృద్ధులు, ఎండలో పనిచేయు కూలీలు. మధ్యాహ్నము మంట ఆర్పుటకు పరుగెత్తినవాడు మంటవేడికి, ఎండవేడికి రెండింటికిని లోనగును. అతనికి గంట గంటకు ఉప్పు వేసిన మజ్జిగయో, గంజియో ఇచ్చి, వంతులవారీగా నీడకు పంపవలెను. చెమట నిలిచి, ఒళ్ళు కాలి, మాట తడబడినవానిని చల్లని చోటికి మోసికొనిపోయి, తడిగుడ్డ వేసి విసరుచు, 108కి ఫోను చేయవలెను.

మృగశిరతో తొలకరి జల్లులు పడి, నేల తడిసి, ఈ భయము దానంతట తీరిపోవును. అంతవరకు గడువవలసిన పడమటిగాలి దినములు ఒక్కొక్క యేట పదియో, ఇరువదియో యుండవచ్చును. ఆ దినములు వచ్చుటను ఎవ్వరును ఆపజాలరు. అవి ఎప్పుడు వచ్చునో రెండు మూడు దినములు ముందుగా తెలియుచున్నది. తెలిసిన మాటను అరుగుమీదినే విడువక, పేటపేటకు చేర్చి, ఆ కొద్ది దినములు ఊరందరిచేతను నిప్పును అదుపులో పెట్టించు పని మీది. ఈ వారములోనే ఒక సాయంకాలము కూర్చుండి, ఈ యేడు మన యూరికి ఏ గంటలు పొయ్యి విరామమో, చాటింపు ఎవరు చేయుదురో, నీరు ఎక్కడ నిలువ చేయుదురో నిర్ణయించుకొనగోరెదను.